‘ఆ మాట క్లాసులో వద్దు’ అంటే ఆగుతుందా?

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి చొరబడినప్పుడు, మళ్లీ 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి చేసి ఆ వెంటే గాజాలో యుద్ధం మొదలైనప్పుడు, ఎన్నో స్కూళ్లకు ముందుగా తోచిన ఉపాయం ఒకటే: ఆ మాట క్లాసులో ఎత్తొద్దు. ఎందుకొచ్చిన తలనొప్పి అని. కానీ బాగా పొద్దుపోయేదాకా ఫోన్లో కూలిన ఇళ్లనూ ఏడ్చే తల్లులనూ చూసి వచ్చిన పిల్లకి పొద్దున్నే భిన్నాల లెక్కలు బుర్రకెక్కుతాయా? టీచర్ వద్దన్నంత మాత్రాన మాట ఆగదు, వరండాలోకి పోతుంది, స్కూలు బస్సులోకి పోతుంది, అక్కడ సర్దిచెప్పే పెద్దవాళ్లుండరు.

స్కూళ్ల భయం ఉత్తదని మేం అనడం లేదు. 1965 డిసెంబర్‌లో అమెరికాలోని డెమోయిన్‌లో, వియత్నాం యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం చేతికి నల్ల పట్టీలు కట్టుకొచ్చిన కొందరు విద్యార్థులను సస్పెండ్ చేశారు. అధికారులు చెప్పుకున్న కారణాల్లో ఒకటి వింటే ఎవరికైనా సబబే అనిపిస్తుంది: అక్కడి ఓ హైస్కూల్లో చదువుకున్న కుర్రాడు ఆ యుద్ధంలో చనిపోయాడు, అతని స్నేహితులు కొందరు ఇంకా స్కూల్లోనే ఉన్నారు. 1969లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో పిల్లల పక్షానే నిలిచింది, గొడవవుతుందేమో అన్న భయం ఒక్కటే చాలదంది. తీర్పు సంగతి సరే. పట్టీ కట్టుకున్న 13 ఏళ్ల మేరీ బెత్ టింకర్‌దీ దుఃఖమే, స్నేహితుణ్ణి పోగొట్టుకున్న ఆ కుర్రాళ్లదీ దుఃఖమే. వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టడం ఏ కోర్టు వల్లా కాదు, టీచర్ వల్లే అవుతుంది.

ఎలా అంటే, జర్మనీలో 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే చోట, రాజకీయ విషయాలు క్లాసులో ఎలా చెప్పాలన్నదానిపై విద్యారంగం వాళ్ల మధ్య కుదిరిన ఒప్పందం ఇప్పటికీ పనికొస్తుంది. టీచర్ తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్దకూడదు, బయట వివాదంగా ఉన్నదాన్ని క్లాసులోనూ వివాదంగానే చూపాలి, ఎవరి ఆలోచన వాళ్లు చేసుకునేలా పిల్లల్ని తయారుచేయాలి. అలాగని ప్రతిదానికీ రెండు వైపులుంటాయని కాదు (ఈ మాట ఈమధ్య మరీ చవకైపోయింది). సరిహద్దు ఎక్కడుండాలన్నది చర్చ. పసిపిల్లల్ని చంపొచ్చా అన్నది చర్చ కాదు. పక్క బెంచీ పిల్లను ఆమె మతం పేరు పెట్టి తిట్టడం అభిప్రాయమూ కాదు, అక్కడ టీచర్ తటస్థంగా ఉండక్కర్లేదు, ఆపాలి.

మమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టేది ఇంకొకటి. “నువ్వు అక్కడివాడివే కదా, నువ్వే చెప్పు” అని ఓ పిల్లాణ్ణి నిలబెట్టడం. మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ పన్నెండేళ్లవాడు ఒక దేశానికి ప్రతినిధి ఎలా అవుతాడు? వాడి అమ్మమ్మ అక్కడ ఏ బంకర్లో ఉందో, వారం నుంచి ఫోను కలుస్తోందో లేదో మనకేం తెలుసు. చెప్పాలనిపిస్తే వాడే చెప్తాడు, వినడానికి చోటుంటే చాలు.

ఇదంతా టీచర్ నెత్తిన పడేసి తప్పుకుంటే మాత్రం ఎవరూ ఈ పనికి ముందుకు రారు. నలభై నిమిషాల చర్చలోంచి పది సెకన్ల వీడియో కత్తిరించి తల్లిదండ్రుల గ్రూపులో పెడితే చాలు, టెన్షన్ మొదలు. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్‌కి ఫోన్లు వస్తాయి. “క్లాసు మొత్తం ఏం జరిగిందో కనుక్కున్నాకే మాట్లాడతాను” అని ఆయన అనగలరా, లేక టీచర్‌ని పిలిచి క్షమాపణ రాయించుకుంటారా అన్నది మిగతా స్టాఫంతా చూస్తూనే ఉంటారు.