‘వచ్చినది వచ్చినట్లు పంపాను’ అంటే బాధ్యత తీరదు

ఇంటర్నెట్‌లో ఇతరులు రాసినదాన్ని మార్చకుండా ముందుకు పంపేవారికి ఏ బాధ్యతా ఉండదన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. తప్పు రాసినవారిదేననీ, ఒక్కరు పంపకపోతే ఆగేది కాదనీ, అబద్ధమైతే కంపెనీలే తొలగిస్తాయనీ, పొరపాటని తేలితే డిలీట్ చేస్తే సరిపోతుందనీ దానికి సమర్థనలు చెబుతున్నారు. వీటిలో ఏదీ నిలిచే వాదన కాదు.

తప్పు రాసినవారిదేనన్నది మొదటి సమర్థన. వారి తప్పు పెద్దదే, కాదనను. కానీ ముక్కూమొహమూ తెలియనివారి మాటను పట్టించుకోని మీ బంధుమిత్రులు సైతం, పంపింది మీరు గనుకనే దాన్ని నమ్ముతారు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత, అంతకు నెల ముందే కనిపించకుండా పోయిన విద్యార్థి అయిన ఒక యువకుణ్ని రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో కొందరు అనుమానితుడిగా పేర్కొనగా, ఆ మాట ఇతర వేదికలకూ పాకింది. అతని ఆచూకీ కోసం కుటుంబం నడుపుతున్న ఫేస్‌బుక్ పేజీ దూషణలతో నిండిపోయి, చివరికి దాన్ని మూసివేయవలసి వచ్చింది. అతనికి పేలుళ్లతో ఏ సంబంధమూ లేదు. తరువాత అతని మృతదేహమే దొరికింది. బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ఆ ఇంటివారిని గాయపరచింది మొదట రాసిన ఒకరిద్దరు మాత్రమే అనగలమా? పరువు నష్టం విషయంలో ఇంగ్లండు న్యాయ సంప్రదాయం కూడా, నిందను మళ్లీ చెప్పినవారు ‘ఫలానావారు అన్నారు’ అని తప్పించుకోవడానికి ఒప్పుకోదు. అమెరికాలో 1996 నాటి చట్టంలోని 230వ సెక్షన్ పంచుకున్నవారికి చాలావరకు రక్షణ ఇస్తుందన్నది నిజమే; అయితే శిక్ష పడకపోవడం వేరు, తప్పు చేయకపోవడం వేరు.

ఒక్కరు ఆపితే ఆగదన్న మాటకు లెక్కలే సమాధానం. 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నిజం కన్నా అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువ. ఆ తేడాకు కారణం బాట్లు, అంటే ప్రోగ్రాములు వాటంతటవే నడిపే ఖాతాలు కాదు, మనుషులే. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్, ఎక్కువసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా పరిమితి పెట్టింది. ఏ సందేశాన్నీ తొలగించకుండానే, అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది.

కంపెనీలే చూసుకుంటాయన్నది అంతకన్నా బలహీనమైన మాట. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవారూ అందుకున్నవారూ మాత్రమే చదవగలిగే రక్షణ ఉన్నచోట, అందుకున్నవారు ఫిర్యాదు చేస్తే తప్ప సందేశంలో ఏముందో కంపెనీ చదవలేదు.

ఇక డిలీట్ సంగతి. ‘ఈ పాప ఈరోజు ఉదయం తప్పిపోయింది’ అన్న సందేశాన్నే చూడండి. అందులో తేదీ ఉండదు గనుక అది ఎప్పటికీ ‘ఈరోజే’. పాప ఇల్లు చేరిన ఏళ్ల తర్వాత కూడా ఆ తల్లిదండ్రుల ఫోన్ మోగుతూనే ఉంటుంది. మీరు డిలీట్ చేస్తే మీ చాట్‌లోని నకలు మాయమవుతుందేమో గానీ, అప్పటికే అక్కడినుంచి ముందుకు వెళ్లిన నకళ్లు చెక్కుచెదరవు. వాటి వెంట వెళ్లగలిగేది సవరణ ఒక్కటే: పంపిన ప్రతిచోటికీ వెళ్లి, ‘నేను పంపినదానిలో ఫలానా విషయం తప్పు, మీరు ఎవరికి పంపారో వారికీ ఇది చేర్చండి’ అని మీ పేరుతోనే రాయాలి.