ఒకటి రెండు చోట్లకి బస్సు ఎన్నింటికి?

ఉగాది పచ్చడి చేదు నాలుక మీద ఉండగానే బెజవాడలో వసంతం అయిపోయింది. మావిడి చిగుళ్లూ, కోయిలా వచ్చే ఉంటాయి. ఫ్యాన్లు తుడుచుకునే హడావిడిలో మేం గమనించలేదు. ఇక మాకు మిగిలిన వసంత సాహిత్యమల్లా వాతావరణ సూచన. దాన్ని నేను రోజూ పొద్దున్నే భక్తిగా చదువుతాను.

విదర్భ నుంచి తమిళనాడు దాకా ఒక ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పట్టీ, సాగుతోందట. ఎంత ఎత్తులో? సగటు సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో. కిలోమీటరు అనెయ్యలేదు, చూశారా! ఆకాశంలో వంద మీటర్లు కూడా తేడా రానివ్వని ఆ చెయ్యి నేల మీదకి దిగేసరికి ఏం రాసిందంటే, కోస్తాలోనూ, ఏజెన్సీ కొండల్లోనూ ఉరుములతో కూడిన జల్లులు 'ఒకటి రెండు చోట్ల' కురిసే అవకాశం ఉంది. ప్లంబరు "ఇవాళో రేపో వస్తా సార్" అన్నట్టే లేదూ?

దీనికో లెక్క ఉంది, కాదనను. వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం లోపు పడితే 'ఒకటి రెండు చోట్ల', సగం దాకా అయితే 'కొన్ని చోట్ల', ముప్పావు వంతు దాకా 'చాలా చోట్ల'. శాస్త్రంతో నాకు పేచీ లేదు. ఆ చోటు ఎక్కడుందో చూసొద్దామని మాత్రం కోరిక. అందుకని పండిట్ నెహ్రూ బస్టాండుకి వెళ్లాను.

"ఒకటి రెండు చోట్లకి బస్సు ఎన్నింటికండీ?"

"కోస్తాదా, ఏజెన్సీదా?" ఎంక్వైరీ ఆయన తలెత్తకుండానే అడిగాడు.

"ఏది దగ్గరైతే అది."

"ఏజెన్సీదైతే విశాఖపట్నంలో మారాలి. కోస్తాదైతే పల్లెవెలుగు ఎక్కండి, ఎక్స్‌ప్రెస్ ఆగదు. పల్లెవెలుగు కూడా ఆగుతుందని కాదు, ఆగే అవకాశం ఉంది."

ఎక్కాను. కండక్టరు వచ్చి "ఒకటికా, రెండుకా?" అన్నాడు. తేడా ఏమిటంటే, "ఒకటి దగ్గర వడగళ్లు, రెండు దగ్గర పిడుగు. చార్జీ ఒకటే" అన్నాడు. పక్క సీటు పెద్దాయన కల్పించుకున్నాడు: "పోయినేడు అది మా ఊళ్ళోనే ఉంది బాబూ. కళ్లంలో మిరపకాయ ఆరబోసిన రోజు మధ్యాహ్నం వచ్చింది, చీకటి పడేలోపు వెళ్లిపోయింది." వెనక సీటు ఆవిడ ఊరుకోలేదు. "అదేంటండీ బాబాయిగారూ, మా ఊళ్ళో ఉన్నదాన్ని మీ ఊళ్ళో ఉందంటారు? ఆ గాలికి కాయ మీద కప్పిన మా పట్టాలు ఎగిరెళ్లి పక్క చేలో పడ్డాయి!" ఇద్దరూ ఊళ్ళ పేర్లతో దెబ్బలాడుకుంటుంటే కండక్టరు తీర్పు చెప్పాడు: "మీ రెండూ 'అక్కడక్కడ' కిందికొస్తాయి, కూర్చోండి." నా టికెట్టు చూసుకుంటే దిగాల్సిన స్టేజీ దగ్గర 'మోస్తరు' అని కొట్టి ఉంది.

ఇంతకన్నా మా సిద్ధాంతిగారు నయం. ఏడాది వానని తూముల్లో కొలిచి, సముద్రానికి ఇన్ని పాళ్లు, కొండలకి ఇన్ని, భూమికి ఇన్ని అని ఉగాది నాడే మైకులో పంచిపెట్టేస్తారు. తప్పితే తిట్టుకోవడానికి ఒక అంకె అన్నా ఉంటుంది.

నిజానికి కోస్తా మేమే, కొండలూ మేమే. సముద్రం మచిలీపట్నంలో ఉంది, 70 కిలోమీటర్లు. దాని చల్లగాలికి మా ఊరు దూరం, తేమకి మాత్రం కాదు. ఇక కొండలంటారా, లంబసింగి కొండలు మంచు కప్పుకుంటాయి. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండలు పగలంతా ఎండ తాగి రాత్రి పదింటికి మా గోడల మీద కక్కుతాయి. ఉష్ణోగ్రత తీసేదేమో ఊరికి దూరంగా, గన్నవరం విమానాశ్రయంలో, నీడపట్టున.

వాతావరణ శాఖ దగ్గర వడగాలికీ అర్హత పరీక్ష ఉంది. మైదానంలో 40, కోస్తాలో 37, కొండల్లో 30 డిగ్రీలన్నా ఉండాలి. పైగా ఆ రోజుకి మామూలుగా ఉండేదాని కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి. 45 తాకితే ఈ తేడాలు చూడరు. అంటే మామూలే 40 ఉండే రోజుల్లో 43 కాసినా అది పరీక్ష తప్పినట్టే. తప్పినదానికి పెట్టిన పేరు 'వేడి, తేమతో కూడిన అసౌకర్యమైన వాతావరణం'.

అసౌకర్యం! బంతిలో కూర్చున్నాక పప్పు అయిపోతే అసౌకర్యం. సినిమా హాల్లో ముందు సీటువాడు పొడుగైతే అసౌకర్యం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎండకి వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. దాన్ని ఏమంటారు, చాలా అసౌకర్యం అనా?

కింద మళ్లీ సలహా: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటకి రావద్దు. ఎవరికండీ ఇది, నాకా? నేనెలాగూ రాను. గుంటూరు మిర్చి యార్డులో 40 కిలోల టిక్కీ, అదే మిర్చి బస్తా, మోసే హమాలీకి చెప్పండి. ఈ మండే నెలలే ఆయనకి సీజను. కూలి టిక్కీల లెక్కన. ఆ మూడు గంటలు నీడన కూర్చుంటే పోయే కూలి ఎవరిస్తారో ఏ సూచనలోనూ రాయరు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు బొమ్మ మాత్రం వేస్తారు. ఆయన పడిపోతే తహసీల్దారూ, ఎస్సై, డాక్టరూ కలిసి తేల్చాలి, ఎండకి పోయాడా, గుండె ఆగి పోయాడా అని. ఎండకి ఆగింది గుండె కాదా? శవం పక్కన నిలబడి అడిగే ప్రశ్నేనా ఇది? కాస్త సిగ్గుండాలి.

అన్నట్టు, ఇప్పుడు హెచ్చరిక ఫోనుకి కూడా వస్తోంది, అప్రమత్తంగా ఉండమని. రెండు చేతులూ టిక్కీ మీద ఉన్న మనిషి దాన్ని ఏ చేత్తో తీసి చదవాలో రాయడం మర్చిపోయినట్టున్నారు.