అప్రదక్షిణం

మా నాన్న చేయించిన టేకు పీటలు రెండు మా ఇంట్లో ఉన్నాయి. అక్కయ్య పెళ్లి, నా పెళ్లి వాటి మీదే జరిగాయి. ఆ తర్వాత అవి అటకెక్కాయి. సంక్రాంతి బొమ్మల కొలువుకి తప్ప కిందికి దిగింది లేదు. ఈ వేసవిలో అక్కయ్య కూతురి పెళ్లి కుదరడంతో వాటికి మళ్లీ ఉద్యోగం వచ్చింది. దించి తుడిచి పెట్టాను. అప్పుడే ఏదో పేరంటం నుంచి వచ్చిన మా ఆవిడ, పట్టుచీరతోనే ఒక పీట మీద కూర్చుని చూసింది. లేచేటప్పుడు అంచున లేచి ఉన్న పేడు జరీలో చిక్కుకుని జానెడు పోగు ఊడొచ్చింది.

"పెళ్లికూతురి చీరకి ఇలా అయితే వదినగారు మనల్ని బతకనివ్వరు. పై ఫ్లోర్లో కప్‌బోర్డులు చేస్తున్న మేస్త్రిని పిలిచి అంచులు నున్నగా చేయించండి" అంది.

అడిగాను. రెండింటికీ కలిపి ఎనిమిది వందలన్నాడు. రెండు పీటలకి ఎనిమిది అంచులు. అంటే అంచుకి వంద! నాలోని రిటైర్డ్ అకౌంటెంటు గుండె పట్టుకున్నాడు. ఆ ఎనిమిది వందలు మిగల్చడం కోసం రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసి, మర్నాడు మూడు వేల రెండు వందలు పెట్టి మిషన్ కొన్నాను.

దాన్ని రౌటర్ అంటారు. "రౌటర్ తెస్తున్నా" అని ఫోన్ చేస్తే మా ఆవిడ, "నెట్ బాగానే వస్తోందిగా" అంది. ఇది అది కాదు. తలకిందులుగా పట్టుకున్న మిక్సీ అనుకోండి. పైన మోటారు, అడుగున బయటికి పొడుచుకొచ్చిన బిట్, అంటే గిరగిరా తిరుగుతూ చెక్కని కోసే పళ్ల ముక్క. అంచులు గుండ్రంగా చేయాలన్నా, చెక్కలో గాడి తీయాలన్నా, వంపుల డిజైన్ కొట్టాలన్నా ఇదే. తేడా ఏమిటంటే మిక్సీకి మూత ఉంటుంది.

కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు, "ట్రిమ్మరా సార్, పెద్దదా?" అన్నాడు.

"గడ్డానికి కాదయ్యా, చెక్కకి" అన్నాను. అతను నవ్వలేదు. రోజూ వినే జోకు అయ్యుంటుంది.

తర్వాత ఓపిగ్గానే చెప్పాడు. ట్రిమ్మరంటే చిన్న రౌటర్. ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. సన్న కాడ బిట్లు పడతాయి, నిమిషానికి ముప్ఫై వేల చుట్లు తిరుగుతుంది. సన్‌మైకా అంచులు కోసుకోవడానికి, చిన్నచిన్న గుండ్రాలకి చాలు. పెద్దదానికి రెండు పిడులుంటాయి, పదహారు వందల వాట్లు, అయిదు కిలోల పైన బరువు, 12 మిల్లీమీటర్ల లావు కాడ బిట్లు. పైనుంచి చెక్కలోకి దిగి గాడి తవ్వుతుంది. గుమ్మాలు, మెట్ల రెయిలింగులు చేసేవాళ్లు అదే కొంటారు. లావు బిట్ వేసినప్పుడు వేగం తగ్గించుకోవడానికి దాని మీద ఒక చక్రం కూడా ఉంది.

నా చెయ్యి పెద్దదాని మీదికే పోయింది. ఎలాగూ కొంటున్నాం కదా, రేపు గుమ్మాలు కూడా చేసుకోవచ్చు అనిపించింది. ఉన్నది అపార్ట్‌మెంటు, గుమ్మాలు బిల్డరు పెట్టేశాడు అన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

"ఏం చేస్తారు సార్ దీంతో?"

"పీటలు."

"ఎన్ని?"

"రెండు."

అతను ఏమీ అనకుండా పెద్దదాన్ని తీసుకెళ్లి మళ్లీ అల్మారాలో పెట్టేశాడు.

బిట్లు ఆన్‌లైన్లో తెప్పించాను. పన్నెండు బిట్ల పెట్టె. ఒక్కోటి ఒక్కో గుంటలో, నగల షాపులో ఉంగరాల్లా మెరుస్తున్నాయి. అంచు గుండ్రం చేసే బిట్‌కి కొసన బుల్లి బేరింగ్ ఉంటుంది. అది చెక్క అంచుని ఒరుసుకుంటూ దొర్లితే, పైనున్న పళ్లు ఒకే కొలతలో కోసుకుపోతాయి. ఇంత తెలివైన ఏర్పాటుండగా తప్పు ఎలా జరుగుతుంది అనుకున్నాను.

మొదటి బిట్టే మిషన్లో దూరలేదు. బిట్ కాడని పట్టుకునే బుడిపెని కాలెట్ అంటారు. నా మిషన్‌కి బిగించి ఉన్నది 6 మిల్లీమీటర్లది. నా బిట్లు పావంగుళానివి, అంటే 6.35. మనిషి కంటికి ఆనని ఆ 0.35 మిల్లీమీటరు దగ్గర నా ప్రాజెక్టు ఆగిపోయింది. షాపుకి ఫోన్ చేస్తే, "పెట్టెలో రెండు కాలెట్లూ ఉంటాయి సార్, చూసుకోండి. అట్లని 6 ఎంఎం బిట్ తీసుకెళ్లి పావంగుళం దాంట్లో పెట్టేరు, జారిపోతుంది" అన్నాడు.

పెట్టెలో లేదు. చెత్తబుట్ట బోర్లించాను, సోఫా కింద వెతికాను. చివరికి దేవుడి గదిలో దొరికింది. మధ్యలో బెజ్జం ఉంది కదా అని మా ఆవిడ అందులో అగరొత్తి గుచ్చింది. "కొంచెం వాలుతోంది గానీ బాగానే ఉంది" అంది, ఇవ్వడానికి ఇష్టం లేనట్టు.

బిట్ కాడని అడుగు తగిలేదాకా దోపి, ఒక రెండు మిల్లీమీటర్లు బయటికి లాగి అప్పుడు బిగించాలి. ఈ పని మాత్రం నేను సరిగ్గా చేశాను. ఎక్కడైనా నమోదు కావాలని చెబుతున్నాను.

బాల్కనీలో బల్ల వేసి పీటని క్లాంపులతో బిగించాను. చెవుల్లో దూది. కళ్లకి మనవడి ఈత కళ్లద్దాలు, లోకమంతా నీలంగా ఉంది. ఆ నీలి రంగు వల్లనే కావచ్చు, పక్కన మంచం మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలు నా కంటపడలేదు.

స్విచ్ వేశాను. పళ్ల డాక్టరు దగ్గర వినిపించే చప్పుడే, కాకపోతే ఏనుగుకి పన్ను తీస్తున్నట్టుంది. కింది బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ "అయ్యో" అనడం దూదిలోంచి కూడా వినిపించింది.

ఇక అసలు సంగతి. పీట చుట్టూ ఎటు తిరగాలి? పెళ్లిపీట, శుభమా అని మొదలుపెడుతున్నాం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గుడి చుట్టూ, తులసికోట చుట్టూ, ధ్వజస్తంభం చుట్టూ ఎటు తిరిగానో అటే తిరిగాను. ప్రదక్షిణం.

బిట్ చెక్కకి తగిలిందో లేదో, మిషన్ పలుపు తెంచుకున్న కోడెదూడలా పరుగు తీసింది. నేను తోయలేదు, అదే నన్ను లాక్కుపోయింది. సగం అంచు క్షణంలో దాటేసి, పక్కకి ఒరిగి, ఎలుక కొరికినంత మేర పీటని కొరికి, అప్పుడు నా చేతికి చిక్కింది. మళ్లీ ఒకసారి పోనిస్తే సరిపోతుందనుకున్నాను. గుంట సరిగ్గా బేరింగ్ దొర్లే చోట పడింది. బేరింగ్ నమ్మకంగా ఆ గుంటలోకి దిగి ఎక్కింది. గుంట పోలేదు, నున్నబడింది.

గుంట పోవాలంటే ఆ పక్క మొత్తం కోసెయ్యాలి. తిన్నటి బద్దని ఆనుగా బిగించి, తిన్నగా కోసే బిట్‌తో కోశాను. చివరికొచ్చేసరికి నార అడ్డంగా తెగే చోట మూల పెచ్చు ఎగిరి ఎదురింటి బాల్కనీలో పడింది. ఇప్పుడు ఆ మూల కోసం రెండో పక్క కోయాలి. రెండో పక్క సగంలో, ఇంకా ఎంత మిగిలిందా అని ఆలోచించడానికి ఆగాను. నేను ఆగాను గానీ మిషన్ ఆగలేదు. నిలబడ్డ చోటే తిరిగి తిరిగి చెక్క మీద కాటుక పెట్టింది. ఆ మాడు పోవాలంటే ఇంకాస్త. పిల్లుల రొట్టె పంచిన కోతి కథ చిన్నప్పుడు చదివి నవ్వాను. ఆ కోతి దగ్గర కూడా రౌటర్ ఉండి ఉంటుంది.

మూడో రోజుకి ఇరవై అంగుళాల పీట పదిహేడున్నరకి వచ్చింది. ఆ చప్పుడు భరించలేక పై ఫ్లోర్ మేస్త్రి దిగొచ్చాడు. పీటని చూశాడు, మిషన్ని చూశాడు.

"ఎటు తిప్పుతున్నరు సార్?"

చూపించాను.

"అట్ల గుడికి తిరగాలె సార్. చెక్కకు ఉల్టా తిరగాలె" అన్నాడు.

అతను చూపిస్తే గానీ నా బుర్రకెక్కలేదు. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లులా తిరుగుతుంది. దానికి ఎదురెళితే చెక్కని కొరుకుతూ మన అదుపులో ఉంటుంది. దాని వెంట వెళితే బండిచక్రంలా దొర్లి పారిపోతుంది. అందుకని బయటి అంచుకి అప్రదక్షిణం, మన దగ్గరి పక్కన ఎడమ నుంచి కుడికి. ఫోటో ఫ్రేము లోపలి అంచులాంటిదైతే మాత్రం ప్రదక్షిణమేనట. పొట్టి పక్కలు ముందు చేయాలి, మూల పెచ్చు లేచినా తర్వాత పొడుగు పక్క చేసేటప్పుడు పోతుంది. ఒకేసారి మొత్తం లోతు దించకుండా కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు తిప్పాలి. మధ్యలో నిలబడి ఆలోచించకూడదు. ఇవన్నీ వీడియోల్లోనూ చెప్పారు. నేను వాటిని కొంచెం స్పీడు పెంచి చూశాను.

రెండో పీట ఇంకా ఇరవై అంగుళాలే ఉంది. వరుడొక సైజు, వధువొక సైజు కుదరదు కదా, దాన్నీ పదిహేడున్నరకి కోయక తప్పలేదు. మేస్త్రి రంపంతో కోసి, నా మిషన్‌తోనే రెండింటి అంచులూ అరగంటలో వెన్నలా చేసిపెట్టాడు. పర్సు తీసి ఎనిమిది వందలు లెక్కపెడుతుంటే ఆపాడు.

"అప్పుడు పీటలు పెద్దగ ఉండె సార్. ఇప్పుడు చిన్నగైనయ్. ఆరు వందలియ్యండి చాలు."

అలా రెండు వందలు మిగిలాయి. మిషన్ బాగుందని, రెండ్రోజులు వాడుకుని ఇస్తానని పట్టుకెళ్లాడు. మా ఆవిడ లిఫ్టుదాకా వెళ్లి సాగనంపింది. మిషన్ ఇంతవరకు వెనక్కి రాలేదు. అడగనివ్వదు కూడా. కాలెట్ మళ్లీ దేవుడి గదికి చేరింది. టేకుపొడి పడిన వడియాలు ఇప్పటికీ నా కంచంలోకే వస్తున్నాయి.

పెళ్లిలో అక్కయ్య పీటల్ని చాలాసేపు చూసింది.

"ఒరేయ్, నాన్న పీటలు ఇంత చిన్నవా?"

"చిన్నప్పుడు చూసినవి పెద్దగా అనిపిస్తాయక్కా."

"నా పెళ్లికి నాకు ఇరవై రెండేళ్లురా."

అంతలో పురోహితుడు తమలపాకులు అడగడంతో బతికిపోయాను. పెళ్లికొడుకు ఆరడుగులవాడు. పాపం, జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి తలంబ్రాల దాకా ఆ పదిహేడున్నర అంగుళాల మీదే సర్దుకుని కూర్చున్నాడు. చీరకి మాత్రం ఒక్క పోగు కూడా చిక్కుకోలేదు.

ఆ తర్వాత ఇద్దరూ లేచి, కొంగుముడితో అగ్నిహోత్రం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. మొదటి చుట్టు చూడగానే నా చేతులు వాటంతటవే కుర్చీ పిడుల్ని బిగించి పట్టుకున్నాయి. నోరు కూడా తెరిచాను.

మా ఆవిడ నా మోచేతి మీద గిల్లింది. "అది గుడి లెక్క. ఊరుకోండి."