బీఈడీలో ఆ 20 వారాలు

బీఈడీలో చేరినవారికి బడి మీద ఇష్టం లేదని, చూపంతా టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ మీదేనని తరచూ వినబడే మాట. అందులో సగమే నిజం. డీఎస్సీలో 80 శాతం వెయిటేజీ రాతపరీక్షకు, 20 శాతం ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు. తరగతిలో నిలబడి పాఠం చెప్పినందుకు ఒక్క మార్కూ లేదు. దేనికి మార్కులుంటే దానికే చదువుతారు, అందులో వాళ్ల తప్పేముంది?

వృత్తి మీద మనసు కుదిరేది బడిలో. 2014 జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలు బీఈడీని రెండేళ్లు చేసి, కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టింది అందుకే. చాలాచోట్ల అవి ఎలా గడుస్తున్నాయి? టీచరు సెలవు పెట్టిన తరగతికి ఛాత్రోపాధ్యాయుల్ని, అంటే ఈ బీఈడీ విద్యార్థుల్ని, పంపుతారు. అల్లరి ఆపడమే పని. పాఠ్యపథకాలు సీనియర్ల రికార్డుల్లోంచి ఎక్కించుకుంటారు, సంతకాలన్నీ ఆఖరి వారంలో పడతాయి. కొందరి పేర్లు హాజరు పట్టీలోనే ఉంటాయి, మనుషులు బడికే రారు.

ఆరో తరగతిలో భిన్నాల కూడిక పీరియడ్ ఒకటి చూద్దాం. 1/2కు 1/3 కలపమంటే ఓ పాప 2/5 అని రాసింది. పై అంకెలు పైన, కింది అంకెలు కింద కూడేసింది. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన కొత్త టీచరు కంగారుపడి బోర్డు మీద క.సా.గు. పద్ధతి మళ్లీ రాస్తారు. పాప చూసి రాసుకుంటుంది, మర్నాడు మళ్లీ 2/5. పక్కన మెంటార్, అంటే దారి చూపే ఆ బడి టీచరు, ఉంటే, "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడగమ్మా" అంటారు. కాగితం పట్టీని ఆరు సమభాగాలుగా మడిపించి, సగానికి మూడు గళ్లు, మూడో వంతుకు రెండు గళ్లు రంగు వేయిస్తారు. ఐదు గళ్లు నిండాయి, 5/6. పాప పాత జవాబును తానే కొట్టేస్తుంది. అది కళ్లారా చూసిన కొత్త టీచరు మర్నాడు పట్టీలు కత్తిరించుకుని మరీ వస్తారు.

మెంటార్లనూ తప్పుపట్టలేం. సొంత పీరియడ్లు, ఆన్‌లైన్ హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కల మధ్య వెనక బెంచీలో కూర్చునే తీరికేది? ఇంటర్న్‌షిప్ సాగినన్నాళ్లూ వారికి వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించాలి. ఆ సమయం పరిశీలనకే వాడాలి. పాఠం చూసిన రోజే పది నిమిషాలు మాట్లాడాలి, వారం తర్వాత చెబితే ఇద్దరికీ గుర్తుండదు. కళాశాల అధ్యాపకులు పదిహేను రోజులకోసారైనా బడికొచ్చి పీరియడ్ మొత్తం కూర్చోవాలి.

డీఎస్సీలో బోధనకు మార్కులంటే పైరవీల భయం ఉంది, కాదనలేం. అభ్యర్థి పేరు తెలియనివ్వకుండా, వేరే జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు పరిశీలకులతో, 100లో 10 మార్కులకైనా మొదలుపెట్టాలి.