మహారాజశ్రీ జంపఖానా గారికి

మహారాజశ్రీ జంపఖానా గారి సముఖమునకు, తిరుపతి పాతూరు నుంచి ఇంటి యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మర్యాదకి అలా మొదలుపెట్టాను గానీ, నీ కుశలం నాకు కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు మేడ మీద పిట్టగోడకి అడ్డంగా బోర్లాపడి ఎండుతున్నావు. ఎర్ర చారకీ పచ్చ చారకీ నడుమ కొత్త సాంబారు మరక ఒకటి, రెండుసార్లు ఉతికినా పోలేదు. నా కుశలం ఉత్తరం చివర రాస్తాను. ముందు నీ మీద కొన్ని ఫిర్యాదులున్నాయి. నలభై ఏళ్లు ఒకే నేల మీద పడుకున్నవాళ్లం కాబట్టి ‘మీరు’ అనడం నావల్ల కాదు, ఏమీ అనుకోకు.

అసలు నీ పేరేమిటో ఈ ఇంట్లో ఇంతవరకు తేలలేదు. మా నాయన జంబుఖానా అనేవాడు. చిత్తూరు అత్త జమకాళం అంటుంది. హైదరాబాదులో పుట్టిన పిల్లలు కార్పెట్ అంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా నీ ముడతలు కొంచెం సర్దుకున్నట్టు నాకనిపిస్తుంది. మా చిన్నత్త పెళ్లిలో మగపెళ్లివారు కూర్చోవడానికని మా తాత నిన్ను అరవదేశంలోని భవాని నుంచి తెప్పించాడు. పెళ్లయ్యాక నిన్ను కూడా పట్టుకుపోతామని వాళ్లంటే మా అవ్వ ఇవ్వలేదు. పిల్లనిచ్చాం, జంపఖానా కూడా ఎందుకు అందట. చిన్నత్త ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. వచ్చినప్పుడల్లా నీ అంచు పట్టుకుని, “ఇది నాది రా” అంటుంది. కూర్చోవడం మాత్రం కుర్చీలోనే.

భవాని జమకాళానికి భౌగోళిక గుర్తింపు ఉంది. మా ఊరి లడ్డూకి 2009లో వచ్చింది. హోదాలో మీరిద్దరూ సమానం. కానీ లడ్డూ ఇంట్లోకి వస్తే అందరూ రెండు చేతులూ చాచి, కళ్లకద్దుకుని, చెప్పులేసుకున్నవాళ్లు విడిచి మరీ తింటారు. తిన్నాక ఆ నెయ్యి చేతులు ఎవరూ చూడకుండా నీకు తుడుస్తారు.

బయట ఊళ్లవాళ్లకి చెప్పినా అర్థం కాదు గానీ, తిరుపతిలో సొంతిల్లు ఉండడమంటే బోర్డు లేని సత్రం నడపడమే. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉంది, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉంది. అక్కడ గది కావాలంటే బుక్ చేసుకోవాలి, ఆధార్ చూపించాలి, టైముకి ఖాళీ చేయాలి. మా ఇంట్లో ఈ మూడూ అక్కర్లేదు. ముందురోజు ఒక ఫోను వస్తుంది, అంతే.

“ఏం లేదు రా, ఊరికే నిన్ను చూడాలనిపించింది. రేపు పొద్దున దిగుతాం, తొమ్మిది మందిమి. అవునూ, మూడొందల టికెట్లు చూస్తావా?”

“అవి మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి అత్తా.”

“అది బయటోళ్లకి లేరా. మీరు ఊళ్లోనే ఉంటిరి కదా!”

స్వామికీ మాకూ మధ్య ఏదో పెరటి దారి ఉందని మా బంధువులందరి గట్టి నమ్మకం. తిరుపతి వాళ్లకి నెలకోసారి, మొదటి మంగళవారం, దర్శనం ఇస్తున్నారని పేపర్లో చదివి, తన ఆధార్ కార్డులో మా ఇంటి అడ్రసు వేయించుకోవచ్చా అని అడిగిన మామ ఉన్నాడు. వేయించుకుంటే తప్పేముంది, ఏడాదికి నలభై రోజులు ఇక్కడే ఉంటాడు.

దర్శనాల వాళ్లు విడతలు విడతలుగా వస్తారు కాబట్టి ఎలాగో సర్దుకోవచ్చు. అందరూ ఒక్కసారిగా దిగేది మే నెలలో, తాతయ్యగుంట గంగమ్మ జాతరకి. పిల్లలకి సెలవులు, పెద్దలకి మొక్కులు. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదనేది మా దగ్గర పాత కట్టుబాటు. ఇది మా వాళ్లకి బాగా తెలుసు. అందువల్ల ఆ వారం మేము ఊళ్లో ఉండటం లేదని అబద్ధం చెప్పే దారి కూడా మూసుకుపోయింది. అదే కట్టుబాటులో బయటివాళ్లు రాత్రిపూట ఊళ్లో నిద్రపోకూడదనే రెండో ముక్క కూడా ఉందని మా నాయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నోరు జారాడు. “మేము బయటోళ్లమా అన్నా?” అని పెద్దత్త భోజనం మీద నుంచి లేచిపోయింది. ఆ రెండో ముక్క మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మా నాయనకి జాతరతో ఇంకో చిక్కుండేది. గంగమ్మ ఆ కొండ మీది స్వామికి చెల్లెలు. జాతరకి అన్నగారి దగ్గర నుంచి ఆమెకి సారె వస్తుంది. “కుబేరుడికి ఇంకా వడ్డీ కడుతున్న దేవుడే చెల్లెలికి చీర పంపిస్తా ఉంటే, నీకేమొచ్చింది అన్నా?” అని మా ముగ్గురు అత్తలూ నీ మీద బాసింపట్లు వేసుకుని అడిగేవాళ్లు. జవాబు చెప్పగలిగిన మగవాడు మా వంశంలో లేడు. మూడు చీరలు, మూడు రవికె గుడ్డలు. రంగులు నచ్చలేదనే మాట కూడా నీ మీదే కూర్చుని అనేవాళ్లు.

సరే, అసలు సంగతికి వస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకి నిన్ను పరుస్తారు.

మా తిరుపతిలో స్థలాన్ని అంకణాల్లో కొలుస్తాం. అంకణమంటే 36 చదరపు అడుగులు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక నిన్ను టేపు పెట్టి కొలిచాను. 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. సరిగ్గా మూడు అంకణాలు. రేణిగుంట రోడ్డులో ఉన్న పది అంకణాల కోసం మా నాయనా చిన్నాయనా పదకొండేళ్లు ముఖాలు చూసుకోలేదు. ఆ పదకొండేళ్లూ జాతరకి ఇద్దరి పిల్లలమూ, అత్తల పిల్లలమూ కలిసి పదిహేడు మందిమి ఈ మూడు అంకణాల్లో పడుకున్నాం. లెక్క వేస్తే మనిషికి ఆరు చదరపు అడుగుల చిల్లర. ఆరడుగుల మనిషి కాళ్లు చాపాడంటే వెడల్పు ఒక్క అడుగు మిగులుతుంది. ఒకడు ఒత్తిగిల్లాలంటే వరసంతా ఒత్తిగిల్లాలి. మా పెద్దక్క అర్ధరాత్రి నిద్రలోనే “తిరగండ్రా” అని కేకేసేది, అందరం తిరిగేవాళ్లం.

నీ మీద పడుకుంటే అందరూ సమానమే అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. పచ్చి అబద్ధం. కలెక్టరాఫీసులో కూడా ఇన్ని మెట్లుండవు. ఇంట్లో రెండు మంచాలు. ఒకటి పెద్దత్తది, మోకాళ్ల నొప్పుల కోటాలో. రెండోది అల్లుడిది. అల్లుడంటే ఏ అల్లుడో కాదు, అందరికన్నా కొత్త అల్లుడు. ఇంకో పెళ్లి జరిగిన ఏడాది పాత అల్లుడు తన దిండు తనే చంకన పెట్టుకుని మంచం దిగి పరుపు మీదకి వచ్చేస్తాడు. ఎవరూ ఏమీ అనరు, ఆయనా ఏమీ అనడు. గవర్నర్లు కూడా అంత హుందాగా దిగిపోరు. పరుపులు పాలు తాగే పిల్లల తల్లులకి. ఆ తర్వాత నువ్వు. నీలో కూడా ఫ్యాను కింది నడిమి భాగం బెంగళూరు వాళ్లది, “మాకు ఉక్క అలవాటు లేదు కదా” అంటారు కాబట్టి. మేలో తిరుపతి ఉక్క ఎవరికి అలవాటో నాకు తెలీదు. గోడవైపు ఆడపిల్లలు. చివరికి మిగిలేది బాత్రూమ్ తలుపు పక్క అంచు. అది ఇంటివాళ్ల పిల్లాడికి, అంటే నాకు. వచ్చినవాళ్లకి మర్యాద చెయ్యాలి కదా! సగం వీపు నీ మీద, సగం వీపు గచ్చు మీద. నలభై ఏళ్లలో నా వీపు కుడి సగానికి నువ్వెలా ఉంటావో తెలియదు.

ఆ అంచు మహిమ తెల్లవారుజామున తెలుస్తుంది. రెండింటికి ఒక జట్టు లేస్తుంది, టోకెన్ల క్యూకి. రెండున్నరకి ఇంకో జట్టు, కాలినడకన కొండెక్కేవాళ్లు. లైటు వేస్తే పిల్లలు లేస్తారని, ఆ చీకట్లోనే తడుముకుంటూ బాత్రూమ్‌కి వస్తారు. అలిపిరి మెట్లు 3,550 అని అందరూ అంటారు. మా ఇంటి నుంచి బయల్దేరినవాళ్లకి 3,551. మొదటి మెట్టు నా కడుపు. “గోవిందా!” అనేవాళ్లు కాలు పడగానే. క్షమాపణో, భక్తో తెలిసేది కాదు.

సాయంత్రానికి గుండ్లతో తిరిగొస్తారు. ఆరుగురు మగపిల్లలు గుండు కొట్టించుకుని వరసగా పడుకుంటే, చీకట్లో ఎవరి కొడుకు ఎవరో తల్లులకి కూడా అర్థం కాదు. ఒక రాత్రి మా చిన్నమ్మ నా గుండు నిమిరి, తన కొడుకనుకుని, మా అమ్మ మీద గంటసేపు చాడీలు చెప్పింది. నేను ఊఁ కొట్టాను. నీ తలవైపు పసుప్పచ్చగా ఉన్న ఆ పెద్ద మరక గుండ్ల మీది గంధం. ఒక ఏడాదిది కాదు, పొరలు పొరలుగా ఉంది.

వేషాల సంగతి వేరే చెప్పాలి. జాతరలో రోజుకొక వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఒళ్లంతా నామం సుద్దా కుంకుమా పూసుకుని గుడికి పోయి వస్తారు. వచ్చి కడుక్కోకుండా నీ మీద కూర్చుంటారు. మాతంగి వేషం రోజు మగవాళ్లు చీర కట్టుకుంటారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా చిన్నాయన కొడుకు మొక్కు తీర్చుకోవడానికి అత్త పట్టుచీర కట్టి, జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని వెళ్లాడు. అత్తకి చీర పాడవుతుందని బాధ లేదు. తన కంటే వాడికే బాగా నప్పిందని నలుగురూ అన్నారని బాధ. ఆ చీర పిన్నీసు ఒకటి నీలో దిగబడిపోయి మూడో రాత్రి నా వీపులో తేలింది. నీలో ఏం పడినా నువ్వు దాచుకుంటావు, కానీ చివరికి నాకే అప్పగిస్తావు. ఇది నా ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఒకటి.

జాతరలో బూతులు తిట్టడం ఆనవాయితీ, అమ్మవారికి ప్రీతి అంటారు. మిగతా ఏడాదంతా “ఏం అన్నా, బాగున్నావా?” అని నవ్వులు పులుముకునే మా వాళ్లకి అదొక గొప్ప సదుపాయం. వేషంలో ఉన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు కదా. బండ వేషంలో వచ్చిన చిన్నాయన, నీ నడిమధ్యలో నిలబడి, రేణిగుంట రోడ్డు పది అంకణాల చరిత్ర మొత్తం బూతుల్లో చెప్పాడు. మా నాయన ఈజీ చైర్లో కూర్చుని అంతా విన్నాడు. చివర్లో, “కాళ్లు కడుక్కో రా, సంగటి చల్లారిపోతుంది” అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ నీ మీద ఎదురెదురుగా కూర్చుని రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నారు. పదకొండేళ్ల తర్వాత. స్థలం సంగతి తేలలేదు, అది ఇప్పటికీ కోర్టులోనే ఉంది. పులుసు మరక మాత్రం నీ మీద ఉంది.

ఇక నా కుశలం.

నలభై ఏళ్లుగా నాకొక్కటే కోరిక, మంచం. ఈ ఇంటి ఈఎంఐలు కట్టినవాణ్ణి, కరెంటు బిల్లు కట్టేవాణ్ణి, జాతరలో ఒక్క రాత్రి మంచం మీద పడుకోలేకపోయాను. పోయిన మే నెలలో, జాతర మూడో రాత్రి, పక్కలు వేస్తుండగా నా మేనకోడలు దిండ్లు పంచుతూ, “మామకి మంచం వేయండి, పొద్దున నడుం పట్టేస్తుంది” అంది. పెద్దత్త మంచం. రెండేళ్లుగా దాని మీద ఎవరూ పడుకోవడం లేదు, ఉతికిన బట్టలు మడతపెట్టి పెడుతున్నారు. వద్దులే వద్దులే అన్నాను, అనాలి కాబట్టి. ఎవరూ రెండోసారి బలవంతం చెయ్యలేదు, ఎందుకంటే అప్పటికే నేను ఎక్కి కూర్చున్నాను.

గొప్పగా ఉంది. రెండు సగాల వీపూ పరుపు మీదే. ఫ్యాను గాలి తిన్నగా ముఖానికి. రెండింటికి టోకెన్ల జట్టు లేచింది, రెండున్నరకి కాలినడక జట్టు లేచింది. నన్ను ఎవరూ తొక్కలేదు. అంచున పడుకున్న మేనల్లుడి కొడుకు “అమ్మా!” అని అరిచాడు, ఎవరో “గోవిందా!” అన్నారు. తర్వాత కింద గుసగుసలు. ఎవడో ఏదో అన్నాడు, పదిహేను మంది ఒక్కసారిగా నోళ్లకి దుప్పట్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఏమన్నాడో నాకు వినపడలేదు. నేను తల ఎత్తగానే మేనకోడలి గొంతు, “ఉష్, మామ లేచేస్తాడు.”

మూడింటికి దిండు పట్టుకుని మంచం దిగాను. నీ చుట్టూ చీకట్లో ఒక ప్రదక్షిణ చేశాను. ఎక్కడా జానెడు చోటు లేదు. నా పాత అంచు దగ్గర వంగి, ఆ పిల్లాణ్ణి కొంచెం జరగమందామని భుజం తట్టాను. వాడు కళ్లు తెరవకుండానే, “తాతా, నీళ్లు కావాలా?” అన్నాడు. లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు కూడా, బంగారం లాంటి పిల్లాడు. తాగి, వెళ్లి మంచమెక్కాను.

కావున తమరికి మనవి చేసుకునేదేమనగా, వచ్చే జాతరకి బాత్రూమ్ తలుపు వైపు అంచు, ఒక అడుగు వెడల్పున, నా పేర ఉంచవలసినది. మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో పెట్టినా సరే, తెల్లవారుజామున క్యూలో నిలబడమన్నా సరే. ఆధార్ కార్డు నా దగ్గరుంది, అడ్రసు కూడా ఇదే.

సాయంత్రం వాన వచ్చేలా ఉంది, నిన్ను కిందికి దించాలి.

ఇట్లు,
మంచం మీది నుంచి,
నీ కుడివైపు అంచు