చచ్చినవాడి కళ్లు చారెడు

గోల్ఫ్ పెద్దమనుషుల ఆట. పెద్దమనుషులు ఏ పనీ తొందరపడి చెయ్యరు. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం, అదే పీజీఏ, జాన్ షిప్పెన్ అనే నల్లజాతి ఆటగాడికి 2009లో సభ్యత్వం ఇచ్చింది. ఆయన పోయింది 1968లో. మనిషి పోయాక ఇంకో 41 ఏళ్లు ఆగి, ఇక ఇబ్బందేమీ ఉండదని రూఢి చేసుకుని మరీ చేర్చుకున్నారన్నమాట.

ఇలాంటివి జరిగినప్పుడల్లా ‘ఆలస్యమైనా న్యాయం జరిగింది’ అని చప్పట్లు కొట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకో దండం. నాకు మాత్రం పాలనాపరమైన సందేహాలు కొన్ని ఉన్నాయి.

సభ్యుడన్నాక ఏటా చందా కట్టాలి. షిప్పెన్ గారి చందా నోటీసు ఏ చిరునామాకి పంపుతున్నారు? సభ్యుడు గడువులోగా శిక్షణ తరగతులకు వెళ్లి పాయింట్లు కూడా చూపించాలి. ఆయన హాజరు ఎవరు వేస్తున్నారు? పాయింట్లు తగ్గితే సంజాయిషీ అడుగుతారా? మూడు రోజుల్లోగా జవాబు రాకపోతే ఏ సెక్షన్ కింద చర్య తీసుకుంటారు? అన్నిటికన్నా పెద్ద గండం ఆట పరీక్ష. ఒకే రోజు 36 హోల్స్ ఆడాలి, అంటే బంతిని 36 సార్లు గుంతలో వెయ్యాలి. ఆ మైదానంలో ఒక రౌండుకి దిట్టమైన ఆటగాడికి ఎన్ని దెబ్బలు పడతాయో చెప్పే కోర్సు రేటింగును రెట్టింపు చేసి 15 కలిపితే వచ్చే అంకెని మన దెబ్బల లెక్క దాటకూడదు. నిక్షేపంలా బతికున్న కుర్రాళ్లే ఇక్కడ బోల్తా పడుతుంటారు. స్వర్గస్థులకు మినహాయింపు ఉందా, లేక బ్యాటరీ బండి ఏమైనా సమకూరుస్తారా? నిబంధనలంటే ప్రాణం పెట్టే సంఘం కదా, ఆలోచించే ఉంటారు.

నిజానికి ఆ పరీక్ష షిప్పెన్ ఎప్పుడో పాసయ్యాడు. 1896 జులై 18న, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని షినెకాక్ హిల్స్‌లో, రెండో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ. అప్పట్లో పోటీ మొత్తం ఒక్కరోజే, 36 హోల్సే. అతనికి పదహారేళ్లు. తండ్రి చర్చి పాస్టరు. పక్కనే షినెకాక్ అనే ఆదివాసీ తెగకు కేటాయించిన ఊరికి (రిజర్వేషన్‌కు) ఆయన్ని పంపితే కుటుంబం అక్కడికి చేరింది. కుర్రాడు క్యాడీగా సంచులు మోస్తూ స్కాట్లండు వాడైన విల్లీ డన్ దగ్గర ఆట పట్టేశాడు.

పోటీకి ముందు బ్రిటన్ నుంచి వలసొచ్చిన ప్రొఫెషనల్స్ కూడబలుక్కుని, ఈ నల్ల కుర్రాడూ, షినెకాక్ తెగవాడు ఆస్కర్ బన్నూ దిగితే మేం ఆడం అన్నారు. పోటీ నడిపే అమెరికా గోల్ఫ్ సంఘం (యూఎస్‌జీఏ) అధ్యక్షుడు థియోడర్ హావెమేయర్ చక్కెర వ్యాపారి. బేరం ఎలా ఆడాలో తెలిసినవాడు. మీరు రాకపోతే వాళ్లిద్దరితోనే కానిస్తాం అన్నాడు. తీరా ఆట మొదలయ్యే వేళకి అందరూ కర్రలు పట్టుకుని హాజరు. మొదటి బహుమతి 150 డాలర్లు మరి. సిద్ధాంతాలదేముంది, మర్నాడైనా పాటించొచ్చు.

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు. మొదటి రౌండులో షిప్పెన్ 78. చివరికి కప్పు ఎత్తుకుపోయిన జేమ్స్ ఫౌలిస్‌దీ 78. రెండో రౌండు పదమూడో హోల్ దగ్గర షిప్పెన్ కొట్టిన బంతి మరీ కుడికి పోయి ఇసుక దారిలో పడింది. ఈ కాలం వాళ్లకి ఇదొక కష్టంలా కనిపించదు, సంచిలో సాండ్ వెడ్జ్ ఉంటుంది కాబట్టి. ఆ కర్ర అడుగుభాగం మందంగా ఉంటుంది, ఇసుకలో కూరుకుపోకుండా జారుతూ బంతిని పైకి లేపుతుంది. జీన్ సారాజెన్ దాన్ని వాడుకలోకి తెచ్చేసరికి 1930లు వచ్చాయి. 1896లో ఉన్నది నిబ్లిక్ అనే పాతకాలం ఇనప కర్ర. అడుగు పల్చన, ఇసుక తగిలిందంటే దిగబడి అక్కడే ఆగిపోతుంది. బంతి చూస్తే గటాపర్చా అనే చెట్టు పాలు గడ్డకట్టిన ముద్ద. కొట్టిన ప్రతిసారీ అదే దారిలో కాస్త ముందుకి దొర్లింది గాని ఇసుక వదల్లేదు. ఆ ఒక్క హోల్‌కే 11 దెబ్బలు. మొత్తం 159, ఫౌలిస్‌ది 152. అక్కడ మామూలుగా నాలుగులో ముగించి ఉంటే లెక్క మీరే చూసుకోండి. అతనికి దక్కింది పది డాలర్లు.

అలాంటి ఆట ఆడినవాణ్ని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం కష్టమే. అందుకని చాలాకాలం గోల్ఫ్ చరిత్రలు ఆయన్ని సగం రెడ్ ఇండియన్ అని రాసుకుని ఊపిరి పీల్చుకున్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ నల్లవాళ్లే.

1902లో గార్డెన్ సిటీలో జరిగిన యూఎస్ ఓపెన్‌లో అయిదో స్థానం. బతుకు చాలావరకు క్లబ్ ప్రొఫెషనల్‌గానే. ఆ కాలపు ప్రొఫెషనల్ అంటే పాఠాలు చెప్పి పోయేవాడు కాదు. హికరీ కర్రని చేతికి నప్పేదాకా చిత్రిక పట్టాలి, తలని బిగించి మెడ దగ్గర దారం చుట్టాలి, పిడికి తోలు చుట్టాలి. గటాపర్చా బంతులు చితికితే వేడినీళ్లలో మెత్తబరిచి అచ్చులో నొక్కి రంగు వెయ్యాలి. గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద గడ్డి ఆయనే చూసుకోవాలి. న్యూజెర్సీలో నల్లవాళ్లు నడుపుకున్న షేడీ రెస్ట్ క్లబ్బులో షిప్పెన్ ముప్పై ఏళ్లకు పైగా ప్రొఫెషనల్‌గా పనిచేశాడు, గడ్డి కూడా చూసుకున్నాడు.

ఈలోగా పీజీఏ వారు 1934లో తమ నిబంధనలకు ఒక మెరుగు దిద్దారు. ఈ వృత్తిలో కనీసం అయిదేళ్లు పనిచేసి ఉండాలి, తెల్లజాతివాడై ఉండాలి. అప్పటికి షిప్పెన్ వృత్తిలోకొచ్చి 38 ఏళ్లు. ఏడుగురు సభ్యులకు సరిపడా అనుభవం, ఒక్క కార్డుకి సరిపడని చర్మం.

1948లో బిల్ స్పిల్లర్, టెడ్ రోడ్స్ అనే ఆటగాళ్లు లాస్ ఏంజెలిస్ ఓపెన్‌లో మొదటి అరవై మందిలో నిలిచారు. ఆ లెక్కన తర్వాతి రిచ్‌మండ్ ఓపెన్‌లో నేరుగా ఆడొచ్చు. ప్రాక్టీసు చేసుకుంటుంటే పీజీఏ వాళ్లు వచ్చి, మీరు పీజీఏ సభ్యులు కారు, వెళ్లిపోండన్నారు. సభ్యులెందుకు కారు? నల్లవాళ్లు కాబట్టి. 3,15,000 డాలర్లకు దావా పడింది. పీజీఏ వారు ఇకపై వివక్ష చూపం అని మాటిచ్చి కేసు వెనక్కి తీయించుకున్నారు. ఆ తర్వాత ‘ఓపెన్’ పోటీలు చాలావరకు ‘ఇన్విటేషనల్’ అయిపోయాయి. పిలిస్తేనే రావాలి. పిలవడం మానేశారు! మాట తప్పలేదట. ఛీ! ఇంత బుర్ర మంచిపనికి వాడి ఉంటే ఎంత బాగుండేది. దొంగకైనా దొరికిపోతానని భయం ఉంటుంది, వీళ్లకి అదీ లేదు.

1961 నవంబరులో నిబంధనల్లోంచి ఆ ‘తెల్లజాతి’ వాక్యం తీసేశారు. మనసు కరిగి కాదు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ స్టాన్లీ మోస్క్ పీజీఏని పబ్లిక్ కోర్సుల్లో అడుగు పెట్టనివ్వనన్నాడు. 1962 పీజీఏ ఛాంపియన్‌షిప్‌ని లాస్ ఏంజెలిస్ నుంచి లేపుకెళ్లి ఫిలడెల్ఫియా దగ్గరి అరొనిమింక్ క్లబ్బులో పెట్టుకున్నారు. ఆ అరొనిమింక్‌కు తొలి రోజుల్లో ప్రొఫెషనల్‌గా పనిచేసింది ఎవరనుకున్నారు? షిప్పెనే.

1962 జులైలో ఆయనకు 82 ఏళ్లు. బతికే ఉన్నాడు, పక్క రాష్ట్రంలోనే ఉన్నాడు. అడ్డమున్న వాక్యం పోయాక ఆయన ఇంకో ఆరున్నరేళ్లు ఉన్నాడు, రోడ్స్ దాదాపు ఎనిమిదేళ్లు, స్పిల్లర్ 1988 దాకా. ఇరవై ఏడేళ్లలో ఒక కవరు మీద అడ్రసు రాసే తీరిక ఆ ఆఫీసులో ఒక్కడికీ దొరకలేదు.