మాత్రలు మానేయమని మైకులో చెప్పకండి

మొన్న మన సంఘం వార్షికోత్సవంలో పిల్లల డాన్సులకూ సావనీర్ ఆవిష్కరణకూ మధ్య ఒక వెల్‌నెస్ ఉపన్యాసం ఇరికించారు. అతిథి పేరు ఇక్కడ అనవసరం. ఆయన మాట మాత్రం హాల్లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది: "పిచ్చికిచ్చే ఈ మాత్రలే మెదడును కరిగించేస్తాయి. మానేసి, మన పద్ధతిలో బతకండి." చప్పట్లు మోగాయి. నా పక్క కుర్చీలో మా తమ్ముడున్నాడు. వాడికి స్కిజోఫ్రీనియా. చప్పట్లు ఆగేదాకా ప్రోగ్రాం కాగితాన్ని మడతలు పెడుతూనే ఉన్నాడు.

వాడు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఎమ్మెస్ చదివే రోజుల్లో గదిలో స్మోక్ అలారం ఎర్ర లైటు మీద టేపు అంటించాడు. అది మెరిసినప్పుడల్లా తనకేదో కబురు పంపుతోందట. తర్వాత టీవీలో యాంకర్ దగ్గినా, ఎదురింటాయన కారు వెనక్కి తీసినా తనకోసమే. నిద్ర పట్టకుండా పోయింది. ఫోన్లో పెద్దవాళ్లు "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అన్నారు. వాళ్లను వెక్కిరించబుద్ధి కాదు. జబ్బు పేరు పొక్కితే పిల్లాడి బతుకేమవుతుందోనన్న బెంగ అది. కానీ ఆ బెంగతోనే నెలలు గడిచిపోయాయి. వైద్యం ఆలస్యమైనకొద్దీ ఈ జబ్బు అంత తొందరగా లొంగదు.

డోపమిన్ అనే రసాయనం చేసే పనుల్లో ఒకటి, ఏది ముఖ్యమో మెదడుకు చూపించడం. ఈ జబ్బులో మెదడు లోపలుండే స్ట్రయేటమ్‌లో అది అతిగా విడుదలవుతుంది. దాంతో అలారం లైటుకు కూడా ఎక్కడలేని ప్రాముఖ్యం వస్తుంది. డోపమిన్ వచ్చి తగులుకునే చోట్లను గ్రాహకాలంటారు. మందు వెళ్లి వాటిలో డి2 అనే రకంలో కూర్చుంటే డోపమిన్‌కు అక్కడ చోటు దొరకదు. మూడింట రెండు వంతుల గ్రాహకాలు మూసుకుంటే చాలామందికి గుణం కనిపిస్తుంది. 80 శాతం దాటితే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం మొదలవుతాయి, ఎందుకంటే కదలికలకూ డోపమినే కావాలి. రెండింటి మధ్య ఉన్న జాగా అంతే. డాక్టర్లు డోసు మార్చి మార్చి చూసేది అందుకే. మందు మొదలైన కొన్ని వారాలకు తమ్ముడే ఆ టేపు పీకేశాడు. "ఇంకా మెరుస్తూనే ఉందక్కా, నాతో మాట్లాడట్లేదంతే" అన్నాడు.

ఇక కరిగించడం సంగతి. ఈ జబ్బున్నవాళ్ల మెదడులో ద్రవం ఉండే గదులు సగటున పెద్దవిగా ఉంటాయని జర్మనీలో యాకోబీ, వింక్లర్ 1927లోనే ఎక్స్‌రేలు తీసి చెప్పారు. తొలి మందు క్లోర్‌ప్రోమజీన్‌ను పారిస్‌లో రోగులకు ఇచ్చి చూసింది 1952లో. అప్పటికి పుట్టని మాత్ర ఆ మెదళ్లను ఎలా కరిగించిందో ఆ అతిథే చెప్పాలి. పెద్ద డోసులు ఏళ్ల తరబడి వాడితే మెదడు పరిమాణం కొంత తగ్గవచ్చన్న పరిశోధనలూ ఉన్నాయి, దాచేదేం లేదు. బరువు పెరుగుతుంది, షుగరు రావచ్చు. మా వాడికి పాత ప్యాంట్లు ఒక్కటీ పట్టవు. మాట తగ్గిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివాటిని ఈ మందులు పెద్దగా మార్చలేవు కూడా. ఈ ఫిర్యాదులన్నీ న్యాయమైనవే. అయితే వాటిని డాక్టరు ముందు పెట్టాలి. మందు మార్చవచ్చు, మెల్లగా తగ్గించవచ్చు, మిగతావి పనిచేయనప్పుడు రక్తపరీక్షలు చేయిస్తూ క్లోజపైన్ వాడవచ్చు. డోపమిన్ గ్రాహకాల జోలికి పోకుండా మస్కారినిక్ అనే వేరే రకం గ్రాహకాల మీద పనిచేసే మందుకు 2024లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. ఉన్నట్టుండి ఆపేస్తే మాత్రం జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

"మన పద్ధతి" అన్నారు కదా, సర్పగంధ మొక్క వేరు మనదే. వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో దాన్ని ఉన్మాదానికీ రక్తపోటుకూ మందుగా పత్రికకెక్కించారు. ఆ వేరులోంచి తీసిన రిసర్పిన్ నరాల చివర డోపమిన్ నిల్వలను ఖాళీ చేస్తుంది. వేరైనా మాత్రయినా పట్టుకున్నది డోపమిన్‌నే.

కార్యవర్గంవారికి ఒక మనవి. మన సభ్యుల్లో మానసిక వైద్యులున్నారు. వాళ్లను మనం సావనీర్ ప్రకటనలు అడగడానికే గుర్తు చేసుకుంటాం. వచ్చే సభలో ఆ అరగంటా వాళ్లకివ్వండి, ప్రశ్నలు పేర్లు లేకుండా చీటీల మీద రాయనివ్వండి. ఆ ఉపన్యాసం విని మీ ఇంట్లో ఎవరైనా మాత్రలు ఆపేసి ఉంటే, బాగానే ఉన్నారు కదా అని వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఇవాళే డాక్టరుకు ఫోన్ చేయండి.